మామగారు కొనిచ్చిన "హై మైలేజ్" ఆయిల్ కొత్త బండిలో పోయించొచ్చా?

పటమట కుర్రాడు | ఆదివారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

జీఎస్టీ తగ్గాక 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ తీసుకున్నాను. ఇప్పటికి 4,700 కిలోమీటర్లు తిరిగింది. వచ్చే శనివారం రెండో ఫ్రీ సర్వీసు. ఇబ్బంది బండితో లేదు, మా మామగారితో వచ్చింది. ఆయనది గుంటూరు బ్రాడీపేట. పోయిన వారం మా ఇంటికొస్తూ అల్లుడి కొత్త బండికని ఒక పెద్ద డబ్బా మోసుకొచ్చారు. ఇంపోర్టెడ్, ఫుల్ సింథటిక్, 5డబ్ల్యూ-30, 4.73 లీటర్లు. ముందువైపు పెద్ద అక్షరాలతో హై మైలేజ్ అని ఉంది. 4,200 రూపాయలు పెట్టారట. "ఇది పోస్తే లీటరుకి రెండు కిలోమీటర్లు ఎక్కువొస్తుంది సార్" అని షాపతను చెప్పాడట. డబ్బా మీద 75,000 మైళ్లు అని కూడా ఉంది. ఒకసారి పోస్తే అంతదూరం మార్చక్కర్లేదని మామగారి లెక్క.

నాకు సిటీలో లీటరుకి 14 దాటడం లేదు, కాబట్టి నాకూ ఆశగానే ఉంది. కానీ బండి మాన్యువల్లో ఆయిల్ చిక్కదనం గ్రేడు 0డబ్ల్యూ-16 అని రాసుంది, డబ్బా మీది 5డబ్ల్యూ-30 కాదు. సర్వీసులో ఈ డబ్బా ఇస్తే పోస్తారా? పోస్తే ఇంజిన్‌కి మంచిదేనా? వచ్చే ఆదివారం అక్కడికి భోజనానికి వెళ్లాలి. గుమ్మంలోనే "ఆయిల్ పోయించారా అల్లుడుగారూ" అని అడుగుతారు. టెన్షన్‌గా ఉంది.


కాజా టోల్‌గేట్ | ఆదివారం రాత్రి 9:31

షాపతను ఒక్క మాటతో మీ మామగారి చేత 4,200 ఖర్చు పెట్టించాడు. మనం మైలేజ్ అంటే లీటరుకి ఎంతొస్తుందని. ఆ డబ్బా రాసినవాళ్లకి మైలేజ్ అంటే బండి ఇప్పటిదాకా ఎంత తిరిగిందని. బాగా తిరిగి అరిగిన ఇంజిన్లకి చేసిన ఆయిల్ అది. 75,000 మైళ్లంటే 1,20,000 కిలోమీటర్ల పైమాటే. అంత తిరిగిన బండికి పోయమంటున్నాడు. అంతదూరం మార్చొద్దని కాదు.

నేను రోజూ గుంటూరు నుంచి బెజవాడ వచ్చి వెళ్తాను. నా బండి 1,38,000 దగ్గరుంది. అది నాలాంటివాళ్ల కోసం, మీకు కాదు.


పటమట కుర్రాడు | ఆదివారం రాత్రి 9:40

అయ్యో. ఇప్పుడే డబ్బా తిప్పి చూశాను. వెనక చీమల్లాంటి అక్షరాలతో "75,000 మైళ్లు దాటిన వాహనాలకు" అనే ఉంది. మా ఆవిడ నవ్వు ఆపడం లేదు. నాన్నకి మాత్రం చెప్పొద్దంటోంది.


మిర్చియార్డు | ఆదివారం రాత్రి 9:52

తమ్ముడూ, ఇదేం వింత కాదు. మా యార్డులో ఒకాయన "హెవీ డ్యూటీ" అని చూసి లారీ ఆయిల్ తెచ్చి గేర్ల బైకులో పోశాడు. క్లచ్ జారిపోయి నాలుగు రోజులు నడిచి తిరిగాడు. నువ్వు పోయకముందే అడిగావు, అదే నయం.


మిషిగన్ గుంటూరోడు | సోమవారం ఉదయం 6:05

నేను అరండల్‌పేటలో పెరిగి ఇప్పుడు డెట్రాయిట్ పక్కన ఉంటున్నాను. ఇక్కడ సూపర్ మార్కెట్లో పాలపొడి పక్క వరసలోనే ఈ డబ్బాలు ఉంటాయి. మీ డబ్బా 4.73 లీటర్లు ఎందుకుందో చెప్తాను. ఇక్కడ ఆయిల్‌ని క్వార్టుల్లో కొలుస్తారు. క్వార్టు అంటే 946 మిల్లీలీటర్లు. ఐదు క్వార్టుల జగ్గు కాబట్టి 4.73. అమెరికా మార్కెట్ కోసం నింపిన డబ్బా ఎవరో తెప్పించి మీ మామగారికి అమ్మారు.

వాల్వొలిన్ కంపెనీ 2000లో మాక్స్‌లైఫ్ అనే పేరుతో మొదలుపెట్టింది ఈ రకం. తర్వాత మిగతా కంపెనీలన్నీ తలా ఒకటి తెచ్చాయి. ఇక్కడ రోడ్ల మీదున్న బండ్ల సగటు వయసు 12 ఏళ్లు దాటింది. అందుకే ఆ షెల్ఫు అంత పెద్దది. అమ్మకాలు పాత బండ్ల దగ్గరే ఉన్నాయి మరి.

వారంటీ సంగతి కూడా చెప్తాను. ఇక్కడ 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ఉంది. ఫలానా కంపెనీ డబ్బానే కొనాలని తయారీదారు పట్టుబట్టకూడదు. కానీ ఏ కంపెనీదైనా మాన్యువల్ చెప్పిన గ్రేడు, స్పెసిఫికేషన్ మాత్రం ఉండి తీరాలి. మీకు 0డబ్ల్యూ-16 అని ఉన్నప్పుడు 5డబ్ల్యూ-30 పోసి, రేపు ఏదైనా అయితే వాదించుకోవడం కష్టం.


తెనాలి టర్బో | సోమవారం ఉదయం 8:20

ఇంత చర్చ అవసరమా బ్రదర్? పోసేయండి, ఏం కాదు. నా 1.0 టర్బోలో రెండో సర్వీసు నుంచే బయట కొన్న 5డబ్ల్యూ-40 పోయిస్తున్నాను. ఇంజిన్ సౌండ్ తగ్గింది, స్మూత్‌గా ఉంది. బెజవాడ ఎండకి 0డబ్ల్యూ-16 అంటే నీళ్లు. జపాన్ చలికి చేసిన ఆయిల్‌ని ఇక్కడ అంటగడుతున్నారు.


ఆటోనగర్ రెంచి | సోమవారం మధ్యాహ్నం 1:45

భోజనం టైములో చూశాను. ఆటోనగర్‌లో 28 ఏళ్ల నుంచి ఇంజిన్లు దింపుతున్నాను. నాలుగు మాటలు.

ఈ హై మైలేజ్ ఆయిల్ గొప్ప మందూ కాదు, మోసమూ కాదు. మా దగ్గరికి ఒక పాత పెట్రోల్ బండి వచ్చేది, లక్షా ఎనభై వేలు తిరిగింది. ఓనరు రాత్రిపూట బండి కింద అట్టపెట్టె ముక్క పరిచి పొద్దున్నే చుక్కలు లెక్కపెట్టుకునేవాడు. మూడు, నాలుగు చుక్కలు పడేవి. గేరుబాక్సు దింపి వెనకవైపు క్రాంక్ సీలు, అంటే ఆయిల్ బయటకి రాకుండా ఆపే రబ్బరు రింగు, మార్చాలంటే సీలు ఖరీదు తక్కువే, కూలీ ఎక్కువ. ఆయన ఇలాంటి ఆయిలే తెచ్చి పోయించుకున్నాడు. ఒక పదిహేను వందల కిలోమీటర్లు తిరిగాక ఒక చుక్కకి వచ్చింది. అదే ఆయిల్ ఇంకో బండికి పోస్తే ఏమీ మారలేదు. దింపి చూస్తే సీలు పెదవి బిస్కెట్‌లా విరిగిపోయి ఉంది. విరిగినదాన్ని ఏ ఆయిలూ అతికించదు.

ఇంకోటి. కారుతుందనగానే సీలుని తిట్టకండి. ముందు పీసీవీ వాల్వు చూడండి, ఇంజిన్ అడుగున పోగయ్యే ఆవిర్లని లాగేసేది అదే. అది మూసుకుపోతే ఇంజిన్ అడుగున గాలి బిగుసుకుని మంచి సీలు పక్కనుంచి కూడా ఆయిల్‌ని బయటకి తోస్తుంది. చిన్న వాల్వు మార్చి పంపిన బండ్లు చాలా ఉన్నాయి.

కొత్త బండికి ఇవేవీ అక్కర్లేదు. అయితే తెనాలి తమ్ముడి మాటలో నాకూ కొంచెం అనుమానం ఉంది. నిజంగా అంత పల్చటి ఆయిల్ మన ఎండలకి ఆగుతుందా? డ్రెయిన్ బోల్టు తీస్తే నీళ్లలా జారిపోతుంది, చూస్తేనే భయమేస్తుంది. మాష్టారు ఉంటే చెప్పాలి.


పాలిటెక్నిక్ మాష్టారు | సోమవారం సాయంత్రం 5:30

రెంచిగారికి నమస్కారం. మీ చేతికి తెలిసినంత నా పుస్తకానికి తెలియదు. కానీ ఈ ఎండ సంగతి ఒక్కటి మాట్లాడుకుందాం, నలభై ఏళ్లుగా మా పిల్లలు అడిగే ప్రశ్నే ఇది.

ఆయిల్‌కి బయట ఎండ తగలదు. దానికి తగిలేది ఇంజిన్ వేడి. థర్మోస్టాట్ ఉన్నందుకు కూలెంట్ 90 డిగ్రీల చుట్టుపక్కలే తిరుగుతుంది, బయట జనవరి అయినా మే అయినా. ఫ్యాను, రేడియేటరు పనిచేస్తున్నంతకాలం బెజవాడలో 45 డిగ్రీలున్నా లోపల ఆయిల్‌కి పెద్ద తేడా తెలియదు. ఇంజిన్ వేసినవాళ్లు బేరింగు సందుల్ని, పంపుని ఆ వేడిలో ఆ పల్చదనానికే లెక్కవేసి పెట్టారు.

ఇక "చలికి చేసిన ఆయిల్" అనే మాట. ల్యాబుల్లో ఆయిల్ చిక్కదనాన్ని రెండు ఉష్ణోగ్రతల దగ్గర కొలుస్తారు. ఒకటి 100 డిగ్రీలు, రెండోది 40 డిగ్రీలు. అంటే వాళ్లు చల్లగా ఉందనుకుని కొలిచేది మన బెజవాడ మే నెల మధ్యాహ్నంలో! ఆ 40 దగ్గర 15డబ్ల్యూ-40 ఆయిల్, 0డబ్ల్యూ-16 కంటే రెండింతలకి మించి చిక్కగా ఉంటుంది. పొద్దున్నే తాళం తిప్పిన క్షణంలో ఆయిల్ పైన క్యామ్‌షాఫ్ట్ దాకా త్వరగా చేరాలి. ఆ పనిలో పల్చటిదే మేలు. అక్షరం డబ్ల్యూ అంటే చలికాలం. సున్నా డబ్ల్యూ అంటే మైనస్ 35 దగ్గర కూడా ఇంజిన్ తిరగనివ్వాలని పరీక్ష పెడతారు. ఆ చలి మనకి ఏ జన్మలోనూ రాదు, నిజమే. కానీ ఆ పరీక్ష పాసైన ఆయిల్ ఇక్కడ చెడిపోదు కూడా.

వేడెక్కాక ఎంత చిక్కగా ఉండాలో చెప్పేది రెండో అంకె. 16 గ్రేడు ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 6.1 నుంచి 8.2 సెంటీస్టోకుల (చిక్కదనం కొలత) మధ్య ఉండాలి. 30 గ్రేడు 9.3 నుంచి 12.5 మధ్య. మీ మామగారి డబ్బాకీ మీ మాన్యువల్‌కీ ఉన్న తేడా ఇదే. "హై మైలేజ్" అన్న మాట కంటే ఈ అంకె ముఖ్యం. పైగా హై మైలేజ్ ఆయిళ్లని చాలాసార్లు ఆ గ్రేడులోనే చిక్కటి వైపుకి జరిపి తయారు చేస్తారు, అరిగిన ఇంజిన్లో ఆయిల్ తక్కువ కాలాలని. చిక్కటి ఆయిల్‌ని తిప్పడానికి ఇంజిన్ ఇంకాస్త కష్టపడాలి. అంటే షాపతను చెప్పిన దానికి తిరగబడి, లీటరుకి వచ్చేది ఏ కొంచెమో తగ్గుతుందే గానీ పెరగదు.


ఆటోనగర్ రెంచి | సోమవారం రాత్రి 10:10

40 డిగ్రీల మాట బాగుంది మాష్టారూ. రేపు మా కుర్రాళ్లకి చెప్తాను.

మీరు చెప్పాక ఒక బండి గుర్తొచ్చింది. కొత్త మోడలే, ఎవరో బయట 20డబ్ల్యూ-50 పోసి పంపారు. ఇంజిన్ లైటు వెలుగుతోందని నా దగ్గరికి వచ్చింది. స్కానర్ పెడితే వాల్వు టైమింగు కోడు చూపించింది. ఆ క్యామ్ తిప్పేది ఆయిల్ ప్రెషరే కదా. ఆయిల్ తీసి మాన్యువల్లో ఉన్నది పోశాను, లైటు మళ్లీ రాలేదు. అప్పుడు సెన్సారు బాగు చేశాననుకున్నాడు ఆయన. నేను కూడా కాదనలేదు లెండి.


తెనాలి టర్బో | సోమవారం రాత్రి 10:32

20డబ్ల్యూ-50 వేరు, 5డబ్ల్యూ-40 వేరు. నా బండి 22,000 తిరిగింది, ఏ లైటూ రాలేదు.


పాలిటెక్నిక్ మాష్టారు | మంగళవారం ఉదయం 6:50

రాకపోవచ్చు బాబూ. కొన్ని టర్బో ఇంజిన్ల మాన్యువల్లో 5డబ్ల్యూ-40 కూడా ఉంటుంది, ఒకసారి చూసుకోండి. మీరు చూడాల్సింది ఇంకొకటుంది. డబ్బా వెనక గుండ్రటి ముద్రలో ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ప్రమాణం ఎస్పీ అని ఉందా, పాత ఎస్ఎన్ అని ఉందా? ఎస్ఎన్ 2010లో వచ్చింది, ఎస్పీ 2020 మేలో. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో తక్కువ ఆర్పీఎం దగ్గర యాక్సిలరేటర్ నొక్కితే, స్పార్కు రాకముందే మంట అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదం ఒకటుంది. ఆయిల్‌లో క్యాల్షియం డిటర్జెంటు ఎక్కువైతే అది పెరుగుతుంది. ఎస్పీలో దానికి పరీక్ష పెట్టారు. పాత స్టాకు చవగ్గా వస్తుందని కొనకండి.


తెనాలి టర్బో | మంగళవారం ఉదయం 9:05

చూశాను మాష్టారూ. ఎస్ఎన్ అనే ఉంది. వచ్చేసారి మారుస్తాను.


పటమట కుర్రాడు | మంగళవారం ఉదయం 9:48

నా డబ్బా మీద ఎస్పీ ఉంది. అంటే ఆయిల్ మంచిదే కదా? మరి హై మైలేజ్ ఆయిల్‌లో కలిపే సీల్ కండిషనర్లు కొత్త సీళ్లని ఉబ్బించి పాడు చేస్తాయని యూట్యూబ్‌లో ఒకాయన చెప్పాడు. రబ్బరు మెత్తబడి ఊడిపోతుందట. నిజమా? పోస్తే వెంటనే ఇంజిన్ పోతుందా, లేక వృథా అంతేనా?


పాలిటెక్నిక్ మాష్టారు | మంగళవారం సాయంత్రం 6:15

ఊడిపోదు. ఆ భయం అక్కర్లేదు.

ఇంట్లో కుక్కర్ గ్యాస్కెట్ తీసుకోండి. కొన్నాళ్లకి గట్టిపడి ఆవిరి పక్కనుంచి పోతుంది. అమ్మ దాన్ని చల్లటి నీళ్లలో వేసి, చేత్తో సాగదీసి మళ్లీ పెడుతుంది. నాలుగు రోజులు నడుస్తుంది. ఇంజిన్‌లో రబ్బరు సీళ్లదీ అదే కథ. ఏళ్ల తరబడి వేడికి వాటిలో మెత్తదనం ఇచ్చే పదార్థం వెళ్లిపోయి, కుంచించుకుపోయి గట్టిపడతాయి. ఈ ఆయిల్‌లో కలిపే ఎస్టర్ల వంటి పదార్థాలు రబ్బరులోకి దిగి దాన్ని కొద్దిగా ఉబ్బించి మెత్తబరుస్తాయి. కొత్త గ్యాస్కెట్‌ని నీళ్లలో నానబెడితే ఏమవుతుంది? ఏమీ కాదు, నానబెట్టిన శ్రమ దండగ. ఏ ఆయిల్‌కైనా ముద్ర ఇచ్చేముందు రకరకాల రబ్బరు ముక్కల్ని అందులో ముంచి, ఎంత ఉబ్బాయో ఎంత గట్టిపడ్డాయో చూసే పరీక్షలు ఉన్నాయి. ఆ డబ్బా కూడా అవి దాటొచ్చిందే.

కాబట్టి ఇంజిన్ పోదు. రేపు రాత్రి ఏలూరు రోడ్డులో ఆయిల్ తక్కువై దారిలో ఆగిపోయి, దొరికింది 5డబ్ల్యూ-30 ఒక్కటే అనుకోండి, అర లీటరు పోసుకుని ఇంటికొచ్చేయండి, నేనే చెప్తాను. కానీ మూడేళ్లు, లక్ష కిలోమీటర్ల వారంటీ ఉన్న బండిలో, మాన్యువల్ వద్దన్న గ్రేడుని, పనికిరాని మందు కలిపినదాన్ని, 4,200 పెట్టి కావాలని పోయించుకోవడం ఎందుకు?

సింథటిక్ అనే మాటకీ మురిసిపోకండి. 1999లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్య ఈ మాట మీదే తగువు వచ్చింది. ముడి చమురు నుంచే తీసి బాగా శుద్ధి చేసిన మూడో గ్రూపు నూనెని సింథటిక్ అనొచ్చా అని. అనొచ్చని ప్రకటనల తగువులు చూసే సంఘం తేల్చింది. అప్పటి నుంచి డబ్బా మీద ఆ మాట చూసి లోపల ఏముందో పూర్తిగా చెప్పలేం. ముందువైపు రాసేది అమ్మడానికి, వెనకవైపు రాసేది పోయడానికి.


కాజా టోల్‌గేట్ | మంగళవారం రాత్రి 8:02

మాష్టారూ, ఆ చివరి వాక్యం మా షెడ్డు గోడ మీద రాయిస్తాను.


మిర్చియార్డు | మంగళవారం రాత్రి 8:15

ముందు ఫుట్‌బోర్డు మీద నిలబడి చదివేటంత పెద్దగా వెనకవైపు రాయమనండి డబ్బా వాళ్లని. నాకు కళ్లజోడు పెట్టుకున్నా కనబడదు.


సింగ్‌నగర్ 2024 | మంగళవారం రాత్రి 11:20

పక్కదారి పట్టిస్తున్నాను, క్షమించండి. ఆయిల్ గురించి నాకు తెలిసింది 2024 సెప్టెంబరులోనే. బుడమేరు నీళ్లు మా వీధిలో రోజుల తరబడి నిలిచినప్పుడు మా బండి డ్యాష్‌బోర్డు దాకా మునిగింది. నీళ్లు తీశాక మా తమ్ముడు తాళం తిప్పబోతే పక్కింటాయన చెయ్యి పట్టుకున్నాడు. ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూపించాడు. కాఫీలో పాలు ఎక్కువైన రంగు. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే అలా ఉంటుందట. ఆ రోజు స్టార్ట్ చేసుంటే ఇంజిన్ మొత్తం పోయేది. ఎంత ఖరీదైన ఆయిల్ పోశామన్నది కాదు, వారానికోసారి ఆ పుల్ల తీసి చూసే అలవాటు ఉంటే చాలు. మా వీధిలో ఇప్పుడు అందరికీ ఆ అలవాటైంది.


ఆటోనగర్ రెంచి | బుధవారం మధ్యాహ్నం 2:00

పక్కదారి ఏం కాదమ్మా, అసలు దారి అదే. వరద తర్వాత నెలరోజులు మాకు పాలకాఫీ తప్ప వేరే రంగు కనిపించలేదు.

కొత్త బండ్ల వాళ్లకి కూడా ఒక మాట. పటమట నుంచి బెంజి సర్కిల్ దాకా, అక్కడి నుంచి ఇంటికి, ఇలా రెండేసి కిలోమీటర్లే తిప్పితే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు. కాలని పెట్రోలు, తేమ ఆయిల్‌లోకి దిగుతాయి. డిప్‌స్టిక్ కొనని వేళ్ల మధ్య రాసి వాసన చూడండి, పెట్రోలు వాసన వస్తుంది. అలాంటివాళ్లు కిలోమీటర్లు అవ్వలేదని ఏడాదిన్నర లాగకండి. ఏడాదికోసారి మార్చేయండి. వారానికోసారి హైవే ఎక్కించి అరగంట తిప్పండి. మామగారింటికి వెళ్తే గుంటూరు 35 కిలోమీటర్లు, ఆయిల్‌కి అదే మందు.


మిర్చియార్డు | బుధవారం మధ్యాహ్నం 2:20

వారం వారం మామగారిల్లు! అల్లుడికి భోజనం, ఇంజిన్‌కి ఆరోగ్యం. రాసివ్వు రెంచి అన్నా, ప్రిస్క్రిప్షన్.


మిషిగన్ గుంటూరోడు | బుధవారం సాయంత్రం 7:30

డబ్బా అసలుదేనా చూశారా? ఇంపోర్టెడ్ అనగానే నమ్మొద్దు. మూత కింద రింగు తెగకుండా ఉందా, అడుగున బ్యాచ్ కోడు చెరిగిపోకుండా ఉందా?


ఆటోనగర్ రెంచి | బుధవారం రాత్రి 9:15

మంచి మాట. ఖాళీ డబ్బాలకి కూడా రేటుంది ఇక్కడ. పాత సామాన్లవాడు మామూలు ప్లాస్టిక్ కంటే ఎక్కువిచ్చి మంచి కంపెనీ డబ్బాలు పట్టుకుపోతాడు. ఎందుకో మీకే తెలియాలి. వాడేసిన ఆయిల్‌ని వడగట్టి రంగు కలిపి మళ్లీ అందులోనే నింపుతారు. సర్వీసు చేయించాక డబ్బా ఇంటికి తీసుకెళ్లండి, లేదంటే అక్కడే స్క్రూడ్రైవర్‌తో పొడిచి పడేయించండి. మా షెడ్డులో అయితే నేనే పొడిచేస్తాను. రోజూ చేసే పనే.


తెనాలి టర్బో | బుధవారం రాత్రి 9:40

ఆ షాపు పేరు చెప్పండి పటమట బ్రదర్, వెళ్లి రెండు మాటలు అడుగుదాం.


నిర్వాహకుడు | బుధవారం రాత్రి 9:44

షాపు పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ వద్దు. ఆయిల్ గురించే మాట్లాడండి.


పటమట కుర్రాడు | గురువారం రాత్రి 8:55

మూత రింగు తెగలేదు, బ్యాచ్ కోడు ఉంది, అసలుదే అనిపిస్తోంది. ఇవాళ సర్వీసు అడ్వైజర్‌కి ఫోన్ చేశాను. బయటి ఆయిల్ తెస్తే పోస్తాం గానీ జాబ్ కార్డు మీద "కస్టమర్ తెచ్చిన ఆయిల్, గ్రేడు వేరు" అని రాస్తాం అన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు. ఆ ఒక్క లైను వద్దనుకున్నాను. 0డబ్ల్యూ-16 వాళ్ల దగ్గరే పోయిస్తున్నాను.

ఇప్పుడు మిగిలింది ఆ డబ్బా. దాన్ని చూస్తే నాకు మామగారు కనబడుతున్నారు. అలమరలో దాస్తే మా ఆవిడ చీరలకి ఆయిల్ వాసన పడుతుందంటోంది. షాపులో వాపసు తీసుకోరట.


కాజా టోల్‌గేట్ | గురువారం రాత్రి 9:10

నేను కొంటాను. నా బండికి 5డబ్ల్యూ-30 సరిపోతుంది. 3,500 ఇస్తా. ఆదివారం గుంటూరు వెళ్తూ కాజా టోల్ దాటాక ఆపండి.


మిర్చియార్డు | గురువారం రాత్రి 9:16

ఆగండాగండి. పటమట తమ్ముడూ, మీ మామగారు ఏ బండి నడుపుతారు?


పటమట కుర్రాడు | గురువారం రాత్రి 9:21

2011 పెట్రోల్ బండి. అమ్మరు, ఎవరికీ ఇవ్వరు. 1,46,000 తిరిగింది.


మిర్చియార్డు | గురువారం రాత్రి 9:22

కారుతుందా?


పటమట కుర్రాడు | గురువారం రాత్రి 9:27

పోర్టికోలో బండి కింద ఎప్పుడూ ఒక అట్ట ఉంటుంది. ఇన్నాళ్లూ గచ్చు పాడవకుండా వేశారనుకున్నాను.


పాలిటెక్నిక్ మాష్టారు | గురువారం రాత్రి 9:40

ఆ బండి మాన్యువల్ పట్టికలో 5డబ్ల్యూ-30 ఉందేమో చూడండి. ఉంటే ఆయన తనకోసమే కొనుక్కున్నారు, ఆయనకి తెలియదంతే. కానీ మీరు వెళ్లి "మీరు పొరబడ్డారు" అనకండి. వయసులో పెద్దవాళ్లం, ఆ మాట ఒక్కటి పడదు మాకు.


కాజా టోల్‌గేట్ | గురువారం రాత్రి 9:44

నా 3,500 మిగిలింది. కానివ్వండి.


పటమట కుర్రాడు | సోమవారం రాత్రి 10:05

నిన్న వెళ్లొచ్చాను. వాళ్ల మాన్యువల్ గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరుతో సహా భద్రంగా ఉంది. పట్టికలో 5డబ్ల్యూ-30 ఉంది.

భోజనాలయ్యాక అడిగారు, అనుకున్నట్టే. "మామయ్యగారూ, సర్వీసు వాళ్లు ఈ డబ్బా చూసి ఇంత మంచి ఆయిల్ కొత్త బండికి ఎందుకండీ, లక్ష దాటిన ఇంజిన్‌కి వేసేది అన్నారు. మీ బండి గుర్తొచ్చింది" అన్నాను. సర్వీసు వాళ్లు ఆ మాట అనలేదు, మీరే అన్నారు, పేరు మాత్రం మార్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని డబ్బా వెనకవైపు మొత్తం చదివారు. చాలాసేపు చదివారు. తర్వాత "మైలేజ్ అంటే ఇదా" అని ఒక్కమాట అని, లుంగీ సర్దుకుని, మెకానిక్‌కి ఫోన్ చేశారు. ఇవాళ పొద్దున్నే మార్పించారట. ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు వాషరు కూడా కొత్తవి.


ఆటోనగర్ రెంచి | సోమవారం రాత్రి 10:30

పీసీవీ వాల్వు చూపించమన్నావా?


పటమట కుర్రాడు | సోమవారం రాత్రి 10:34

చెప్పాను అన్నా. తీసి ఊపితే చప్పుడు లేదట, అంటే మూసుకుపోయిందన్నమాట. అదీ మార్చారు.


ఆటోనగర్ రెంచి | సోమవారం రాత్రి 10:36

అయితే చుక్కలు తగ్గితే ఆ గొప్ప వాల్వుదో ఆయిల్‌దో ఎవరూ చెప్పలేరు. సరే. పదిహేను వందల కిలోమీటర్లు తిరిగాక రాయి.


పటమట కుర్రాడు | రెండు నెలల తర్వాత, శుక్రవారం రాత్రి 9:02

మామగారు ఇవాళ అట్ట ఫోటో పంపారు. ముందు రాత్రికి ఐదు చుక్కలు పడేవట. ఇప్పుడు రెండట. ఆయన కింద తారీఖు కూడా పెన్నుతో వేశారు.

నా బండికి లీటరుకి అదే 14. ఎయిర్ ప్రెషర్ చూసుకోమని మా ఆవిడ అంటోంది.


ఆటోనగర్ రెంచి | శుక్రవారం రాత్రి 9:20

రెండంటే మంచిదే. అట్ట కొత్తదేనా, పాతదే తిప్పి వేశారా?


పటమట కుర్రాడు | శుక్రవారం రాత్రి 9:31

అడిగాను. తిప్పి వేశారట.